మనుష్యులను ఏరవచ్చునా?



మిరపపంట కళ్ళమునకు చేరిన దినములలో మన పల్లెలలో ఒక పని తప్పక జరుగును. ఎఱ్ఱగా ఎండిన కాయల రాశి చుట్టు స్త్రీలు కూర్చుండి తాలుకాయలను ఏరివేయుదురు. రంగు పోయి తెల్లబారినది ఒక ప్రక్క, నిగనిగలాడునది ఒక ప్రక్క. ఇట్లు ఏరక టిక్కీలు నింపి గుంటూరు యార్డునకు తోలినయెడల, కొనువాడు లోపలికి చేయి పెట్టి గుప్పెడు కాయలు పైకి తీసి చూచి, సరకంతటికిని ధర తగ్గించును. కాబట్టి తాలు ఏరుట మంచి పనియే. మిరపకాయకు మనస్సు లేదు. నన్నేల ప్రక్కన పెట్టితివని అది మనలను అడుగదు.

అయితే మనుష్యులను ఇట్లు ఏరవచ్చునా? ఈ నెల మీ యెదుట ఉంచగోరు ప్రశ్న ఇదియే. ఇది నాకు కళ్ళములో పుట్టినది కాదు. నేను చదివిన వేదాంత పాఠశాలలోను పుట్టినది కాదు. మా గుడి అరుగు మీద పిల్లలు ఆడుకొను ఒక ఆటను చూచుచుండగా పుట్టినది.

2025వ సంవత్సరపు వేసవిలో ఐ.పి.ఎల్. క్రికెట్ పోటీలు మొదలైనప్పుడు మా సంఘపు యౌవనస్థులు పదిమంది తమలో తాము ఒక చిన్న లీగు కట్టుకొనిరి. పెద్దలలో అనేకులు ఈ ఆటను ఎరుగరు గనుక కొంచెము వివరించెదను. మైదానములో నిజముగా ఆడువారు వేరు. ఇంటి యొద్ద కూర్చున్నవారు ఆ ఆటగాండ్రలోనుండి తమకు కావలసిన వారిని ఏరుకొని, ఇది నా జట్టు అని ఒక జాబితా వ్రాసికొందురు. ఆ ఆటగాడు నిజముగా ఏ ఊరి జట్టులో నున్నను సరే, అతడు పరుగు చేసినను, వికెట్టు తీసినను, క్యాచి పట్టినను, ఏరుకొన్నవానికి పాయింట్లు వచ్చును. దీనిని ఫాంటసీ ఆట అందురు. ఊహాజట్టు అని మనము చెప్పుకొనవచ్చును.

మా వాండ్రు ఒక్కొక్కరు ఊహలోనే నూరు కోట్ల రూపాయలు పెట్టుకొని, ఒక సాయంకాలమంతయు వేలము పాడి ఆటగాండ్రను కొనిరి. ఒకడు కొన్నవానిని మరియొకడు కొనరాదు. వారమునకు ఒకసారి తన జాబితాలోనుండి పదునొకండుగురిని నిలుపుకొనవలెను. మిగిలినవారు బయట కూర్చుందురు. ఒకనిని నాయకునిగా పెట్టుకొన్నయెడల అతని పాయింట్లు రెండింతలగును. పనికిరానివానిని విడిచిపెట్టి, ఎవరును కొనక మిగిలిన వారిలోనుండి వేరొకనిని తెచ్చుకొనవచ్చును. ఒక కుఱ్ఱవాడు బడిపిల్లల నోటుపుస్తకములో ఈ లెక్కలన్నియు గీతలు గీసి వ్రాయుచుండెను.

ఈ ఆట మన దేశములో పుట్టినది కాదు. అమెరికా దేశమున ఓక్‌లాండు పట్టణపు ఫుట్‌బాల్ జట్టులో వాటాదారుడైన విన్‌కెన్‌బాక్ అను నతడు 1962లో తన స్నేహితులతో కలిసి దీనిని ఆలోచించెను. వారి ఫుట్‌బాల్ మన పిల్లలు కాలితో తన్ను బంతియాట కాదు, బంతిని చేతపట్టి పరుగెత్తు ఆట. 1963లో అతని యింటిలో ఎనిమిది జట్లవారు కూడి, నిజమైన ఆటగాండ్రను కాగితము మీద పంచుకొనిరి. ఆదిలో ఇది ఒక ఇంటి గదిలో ఇమిడిన చిన్న లీగే. తరువాత చేతిలోనికి ఫోనులు వచ్చెను. 2008లో బొంబాయి నగరములో డ్రీమ్ ఎలెవెన్ అను సంస్థ పుట్టి, ఈ ఆటను క్రికెట్టునకు తగిలించి, కోట్లాదిమంది చేతిలో పెట్టెను. 2023 మొదలు 2025 ఆగస్టు వరకు మన దేశపు క్రికెట్ జట్టు చొక్కాల మీద ఉన్న పేరు ఆ సంస్థదే.

డబ్బు పెట్టి ఆడుటను గూర్చి దీర్ఘముగా వ్రాయనక్కరలేదు. ఇది నేర్పుతో గెలుచు ఆటయా, అదృష్టముతో గెలుచు జూదమా అని న్యాయస్థానములలో చాలకాలము వాదములు జరిగెను. 2020 సెప్టెంబరులో మన రాష్ట్రమున 1974 నాటి జూదపు చట్టమును సవరించి, ఫోనులలో పందెము కాచి ఆడు ఆటలను నిషేధించిరి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికిని ఒక చట్టము చేసెను. ఆ నెల 22న రాష్ట్రపతి దానికి ఆమోదము తెలిపెను. నేర్పైనను సరే, అదృష్టమైనను సరే, డబ్బు పెట్టించి డబ్బు ఆశ చూపు ఆటను ఫోనులలో నడుపరాదని దాని సారము. కోతకూలి డబ్బు ఫోనులో పోగొట్టుకొని వచ్చినవాని భార్యకు ఈ వాదములు అక్కరలేదు. ఆ రాత్రి పొయ్యిలో పిల్లి లేవదని ఆమెకు తెలియును. అది చాలును.

అయితే మా పిల్లల ఆటలో డబ్బు లేదు. ఒక సాయంకాలము వారు నన్ను అరుగు మీద ఆపి ఇట్లు అడిగిరి.

"అయ్యగారూ, మేం రూపాయి గూడా పెట్టటం లేదండీ. ఆఖర్న ఓడినోడు అందరికీ మిరపకాయ బజ్జీలు పెట్టించాలి, అంతే. ఇందులో తప్పేమన్నా ఉందంటారా?"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోతిని. తెలియని దానిని ఖండించుట బోధకులకు సులభము. సినిమాను చూడక ఖండించిన కాలమును, రేడియోను వినక ఖండించిన కాలమును మన పెద్దలు ఎరుగుదురు. నేను తటపటాయించుట చూచి వారు, "మీరు గూడా ఒక టీము పెట్టండి అయ్యగారూ, తెలుస్తది" అని నవ్విరి. చూడక తీర్పు తీర్చుట న్యాయము కాదని నేను ఒప్పుకొంటిని. వేలము అప్పటికే ముగిసియుండెను. ఎవరును కొనక మిగిలిన వారిలోనుండి నేను నా జట్టును కట్టుకొంటిని. ఆ మిగిలిన వారిలో మన గుంటూరు జిల్లా పిల్లవాడు ఒకడు ఉండెను. అతని పేరు షేక్ రషీద్. అయితే అతనికి ఆడుటకు అవకాశము రాదని, ఆడనివానికి పాయింట్లు రావని పిల్లలు చెప్పిరి గనుక నేనును అతనిని విడిచిపెట్టితిని.

ఈ ఆటలో నేను చూచిన మంచిని మొదట చెప్పెదను. దూరదేశపు ఏదో పల్లెనుండి వచ్చిన ఆటగాని పేరు మా పిల్లలకు తెలిసెను. పెద్ద పెద్ద కొట్టుడు కొట్టువానిని మాత్రమే చూచు కన్నులు, ఎండలో సరిహద్దు తాడు వెంబడి పరుగెత్తి ఒక పరుగు ఆపినవానిని కూడ చూచుట నేర్చుకొనెను. కూడికలు తీసివేతలు తప్పులేకుండ చేయుచు, తగవు వచ్చినప్పుడు కేకలు వేయక పుస్తకము చూచి తీర్చుకొనుచుండిరి. రెండు వీధుల పిల్లలు ఒక అరుగు మీద కూర్చుండిరి. ఇవి కొట్టివేయదగిన సంగతులు కావు.

ఇక రెండవది. ఒక రాత్రి నా జాబితాలోని ఒక బౌలరు, మీసము సరిగా రాని పిల్లవాడు, బంతి వేయుటకు పరుగెత్తి వచ్చి, తొడ పట్టుకొని మధ్యలో కూలబడెను. ఇద్దరు వచ్చి అతని చేతులు తమ భుజముల మీద వేసికొని బయటికి నడిపించిరి. అతని ముఖము బాధతో ముడుచుకొనిపోయెను. ఆ సమయమున నా మనస్సులో మొదట లేచిన మాట "అయ్యో" అనునది కాదు. "ఇప్పుడు వీని స్థానములో ఎవరిని పెట్టవలెను?" అనునదే మొదట లేచినది. ఇరువది ఐదేండ్లకు పైగా రోగుల పడకల ప్రక్కన మోకరించి ప్రార్థించుచున్న నాకు, అయ్యో అను మాట రెండవదిగా వచ్చెను. నేను సిగ్గుపడితిని. అయినను ఆటయే గదా యని మనస్సును సమాధానపరచుకొంటిని.

ఆ యేడు ఏప్రిల్ 13 మట్టల ఆదివారము. మరునాడు సోమవారము అంబేద్కర్ గారి జయంతి. ఉదయము పిల్లలందరు సెంటరులోని విగ్రహమునకు పూలమాల వేసి వచ్చిరి. సాయంకాలము శ్రమల వారపు కూడిక జరిగెను. ముప్పది వెండి నాణెములకు ఒక మనిషికి వెల కట్టుటను గూర్చి ఆ కూడికలో నేను ప్రసంగించితిని. కూడిక ముగిసిన తరువాత పిల్లలు అరుగు మీద ఫోను నిలువబెట్టి, లక్నో నగరములో లక్నో జట్టునకును చెన్నై జట్టునకును జరుగుచున్న ఆటను చూచుచుండిరి. నేనును తాళము వేసి వచ్చి వారి వెనుక నిలిచితిని.

చెన్నై పక్షమున మొదట బ్యాటు పట్టుకొని వచ్చిన ఇద్దరిలో ఒకడు షేక్ రషీద్. ఈ పిల్లవాడు 2022లో పందొమ్మిది యేండ్లలోపు వారి ప్రపంచ పోటీలలో మన దేశపు జట్టుకు ఉపనాయకుడు. ఆ పోటీల నడుమనే కోవిడ్ సోకి కొన్ని ఆటలకు దూరమయ్యెను. లేచి తిరిగి వచ్చి, ఆస్ట్రేలియాతో జరిగిన సెమీఫైనలులో 94 పరుగులు, ఇంగ్లాండుతో జరిగిన ఫైనలులో 50 పరుగులు చేసెను. మన దేశము ఆ కప్పును గెలిచెను. 2023 నుండి చెన్నై జట్టులో నుండియు ఆడుటకు పిలుపు రాక బయట కూర్చుండెను. ఆ సోమవారము రాత్రియే ఐ.పి.ఎల్.లో అతనికి మొదటి ఆట.

మా పిల్లలు మొదట ఈలలు వేసిరి. అతడు 19 బంతులలో 27 పరుగులు చేసి అవుటయ్యెను. ఆ క్షణమున ఒక కుఱ్ఱవాడు అరుగు మీదనుండి క్రిందికి దూకి, రెండు చేతులు పైకెత్తి కేక వేసెను.

"ఏందిరా అబ్బాయ్, మన గుంటూరోడు అవుటైతే అంత సంతోషమా?" అని అడిగితిని.

"బౌలరు నా టీములోడు అయ్యగారూ! వికెట్ పాయింట్లు నాకే!" అనెను.

అందరు నవ్విరి. నేనును నవ్వితిని. ఆ పిల్లవాడు చెడ్డవాడు కాడు. పొలము పనికి పోవుచునే డిగ్రీ చదువుకొనువాడు. గుడిలో చాపలు పరచువాడు. నోటుపుస్తకములో లెక్కలు వ్రాయువాడును అతడే. నేనైనను అతనికంటె మేలైనవాడను కాను. అంత సేపును నా జాబితాలోని చెన్నై ఆటగానికి ఎన్ని పాయింట్లు వచ్చునోయని చూచుచునే యుంటిని.

ఇంటికి వచ్చి పడుకొన్న తరువాత ఆ కేక నా చెవిలో నిలిచెను. ఆ కుఱ్ఱవానిని తలంచుకొనుచుండగా అతని నాయనమ్మ జ్ఞాపకమునకు వచ్చెను. గుడిలో ఎడమ ప్రక్క, స్తంభము దగ్గర, చాప చివర కూర్చుండునది. మిరప కోతల కాలములో ఆమె చేతులు మంట పుట్టుచుండెడివి గనుక పాటలప్పుడు చేతులు చరచక, ఒడిలో పెట్టుకొని కూర్చుండెడిది. ఆమెను ఎప్పుడు చూచితిని? నిన్న మట్టల ఆదివారమున చూడలేదు. అంతకు ముందు ఆదివారమునను చూడలేదు. చీకటిలో వ్రేళ్ళు ముడిచి లెక్కపెట్టితిని. ఐదు ఆదివారములు. ఆ ఐదు వారములలోనే ఒక ఉపాధ్యాయుని కుటుంబము ఒక్క ఆదివారము రాకపోగా, అదే సాయంకాలము ఫోను చేసి క్షేమమడిగితిని. వారి కానుక కవరు సంఘపు లెక్కలలో పెద్దది. ఈమె కానుక పెట్టెలో వేయునది పది రూపాయల నోటు.

సహోదరులారా, అప్పుడు నాకు తెలిసినది. నా దగ్గర రెండు జాబితాలు ఉన్నవి. ఒకటి పిల్లల నోటుపుస్తకములో నున్నది. రెండవది నేను వ్రాయలేదు; అది నా కంటిలోనే యున్నది.

మంగళవారము ప్రొద్దున ఆమె యింటికి వెళ్ళితిని. గుమ్మము ప్రక్కన నులకమంచము మీద కూర్చుండెను.

"ఏం పెద్దమ్మా, గుడికి రావటం లేదు?" అంటిని.

"మోకాళ్ళు వంగటం లేదయ్యా. సంక్రాంతి కాడ్నించి మేస్త్రి గూడా పిలవటం మానేశాడు. అయ్యగారు గూడా మానేశారేమోలే అనుకున్నా" అనెను.

ఆమె ఈ మాటను నిష్ఠూరముగా అనలేదు. ఈ యేడు ఎండలు ముందే వచ్చినవని చెప్పినట్లు చెప్పెను. నేను జవాబు వెదకుకొనుచుండగా ఆమెయే మాట మార్చెను.

"రాత్రి పిల్లలు కేకలేస్తన్నారు, ఏందయ్యా?"

మన గుంటూరు పిల్లవాడొకడు మొదటిసారి పెద్ద పోటీలో ఆడినాడని చెప్పితిని.

"బాగా ఆడాడా?"

"బాగానే ఆడాడు పెద్దమ్మా."

"వాళ్ళమ్మ చూసిందా?"

నాకు తెలియదంటిని. నిజముగా తెలియదు. మేము పదిమందిమి రెండు గంటలసేపు ఆ తెరవైపు చూచితిమి. బంతులు లెక్కపెట్టితిమి, పరుగులు లెక్కపెట్టితిమి, ఎవని పాయింట్లు ఎన్నో లెక్కపెట్టితిమి. అతనికి తల్లి యున్నదని మాలో ఒక్కనికిని తట్టలేదు. క్రికెట్టు బంతి ఏ రంగుదో ఎరుగని ఆ ముసలామె, ఆటను చూడకయే ఆటగానిని చూచెను. ఆమె దగ్గర జాబితా లేదు. అంతే తేడా.

ఇప్పుడు మనము కొంచెము ఆలోచింతము. ఏరుటయంతయు పాపమందుమా? అట్లు అనజాలము. నిజమైన జట్టు నాయకుడు పదునొకండుగురినే ఎన్నుకొనవలెను. పండ్రెండవవాడు ఎంత మంచివాడైనను బయట కూర్చుండవలెను. మేస్త్రిని నిందించుటయు నా ఉద్దేశము కాదు. ఆటోలో కొందరికే చోటు. రైతు కాయ కోయించుకొని కూలి ఇచ్చును. మోకాళ్ళు వంగని ఆమెను చేనికి తీసికొనిపోయినయెడల ఆమెకే బాధ. పనికి మనుష్యులను ఎన్నుకొనుట లోకము నడుచుటకు అవసరము. పనిని తూచుట తప్పు కాదు.

అయితే పనిని తూచుట వేరు, మనిషిని తూచుట వేరు. చిక్కు ఎక్కడనగా, త్రాసు యార్డులోనే ఉండిపోదు. అది మనతో కూడ ఇంటికి వచ్చును. పెండ్లిచూపులలో పిల్లను తూచుదుము. మార్కులు పెట్టి కొడుకును తూచుదుము. పొలము కొడుకుల పేర వ్రాసి యిచ్చిన తరువాత తండ్రిని తూచుదుము. అప్పటినుండి అతని మంచము వసారాలోనికి వచ్చును. ఎన్నికలప్పుడు ఏ వీధిలో ఎన్ని ఓట్లని ఊరంతటిని తూచుదురు. బోధకుడు కానుక కవరును తూచును. ఆదిలో ఆటలో పట్టిన త్రాసే, మెల్లగా కన్నుగా మారును.

ఈ ఊహాజట్టు ఆటలో మరియొక విశేషమున్నది. నిజమైన నాయకుడు ఒక పిల్లవానిని జట్టులోనుండి తీసివేసినయెడల, మరునాడు ఉదయము అతని ముఖము చూడవలెను. మేస్త్రియైనను ఆ ముసలామె గుమ్మము మీదుగానే ఆటో తోలుకొనిపోవలెను. ఊహాజట్టు యజమానికి అట్టి బాధ లేదు. ఆటగాని చెమట అతనికి ఫలమిచ్చును గాని, ఆటగానికి అతడు బాకీపడినది ఏమియు లేదు. దెబ్బ తగిలినవానికి కట్టు కట్టనక్కరలేదు. తీసివేసినవానికి మాట చెప్పనక్కరలేదు. ముఖము చూడక మనుష్యులను వాడుకొనుటకు ఇంత సుళువైన బడి వేరొకటి లేదు.

నేను ఈ మాట పిల్లలతో అనగా ఒకడు, "మేమనుకున్నది ఆయనదాకా పోదుగదండీ, ఆయనకేం నష్టం?" అని అడిగెను. మంచి ప్రశ్న. ఆయనకు నష్టము లేదు. నష్టము మన కంటికి. ప్రభువు తన కొండమీది ప్రసంగములో కన్నును దేహమునకు దీపముగా చెప్పియున్నాడు గదా. దీపపు బుడ్డికి మసి పట్టినయెడల, చీకటి పడునది ఎదుటి యింటిలో కాదు, మన యింటిలోనే.

దావీదు చరిత్రను జ్ఞాపకము చేసికొనుడి. సమూయేలు ప్రవక్త బేత్లెహేమునకు వచ్చినప్పుడు యెష్షయి తన యేడుగురు కుమారులను వరుసగా నిలువబెట్టెను. ఎనిమిదవవాడు గొఱ్ఱెల యొద్ద నుండెను. కన్నతండ్రియే వానిని జాబితాలో వేయలేదు. దేవుడు ఎన్నుకొన్నది ఆ ఎనిమిదవ వానినే. కాని ఆ దావీదే రాజై వృద్ధుడైన తరువాత ఏమి చేసెను? యోవాబు వద్దనుచున్నను వినక, దేశమంతట కత్తి దూయగలవారిని లెక్కపెట్టించెను. స్త్రీలు, వృద్ధులు, గొఱ్ఱెలు కాయు పసివాండ్రు ఆ లెక్కలో లేరు. ఒకనాడు తాను ఉన్నచోట ఉన్నవారే వారు. జాబితాలో లేనివాడు జాబితా వ్రాయుటకు కూర్చున్నప్పుడు తనవంటి వారిని మరచిపోయెను. లెక్క ముగిసిన తరువాత అతని మనస్సే అతనిని పొడిచెనని గ్రంథము చెప్పుచున్నది.

లెక్కపెట్టుటయే తప్పని దీని భావము కాదు. మన ప్రాంతములో ఎల్లరును ఎరిగిన ఒక లెక్క ఉన్నది. 1878 జూలై 3న గుండ్లకమ్మ యేటి యొడ్డున, వెల్లంపల్లి యొద్ద, ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్యను మనము ఉత్సవములలో చెప్పుకొందుము. అంతకు ముందటి సంగతి అంతగా చెప్పుకొనము. 1876 మొదలు 1878 వరకు గొప్ప కరవు వచ్చెను. ఒంగోలు మిషనెరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో ఒక భాగమును కంట్రాక్టు తీసికొని ఆకలిగొన్నవారికి పని చూపిరి. ఆ దినములలో అనేకులు చేరుదుమనగా, కూడు కొరకు చేరిరను మాట రాకూడదని, కరవు గడచువరకు బాప్తిస్మములు ఆపిరి. అనగా ఆకలిగొన్నవానిని తన లెక్కలోని అంకెగా చేసికొనక, ముందు కూలి ఇచ్చి బ్రదికించిరి. తరువాత వచ్చిన 2,222 మందియు ఒక్కసారిగా నీటిలోనికి దిగలేదు. ఒక్కొక్కరిని చేయి పట్టుకొని దింపవలసి వచ్చెను. ముఖము చూచి లెక్కపెట్టిన లెక్క మంచి లెక్క.

మత్తయి సువార్త 20వ అధ్యాయములోని ద్రాక్షతోట కథ మనకు కూలివారి కథ. తెల్లవారుజామున మన సెంటరులో ఆటో కొరకు నిలిచినవారికి అది వేరొకరు చెప్పనక్కరలేదు. ప్రొద్దు వాలిన తరువాతను సంతవీధిలో నిలిచియున్నవారు ఎవరు? సోమరులు కారు. తమ్మును ఎవరును పిలువలేదని వారే చెప్పిరి. ప్రొద్దున వచ్చిన మేస్త్రీలందరు ఏరుకొనగా మిగిలినవారు. కండ లేనివారు, మోకాళ్ళు వంగనివారు, వయస్సు చెల్లినవారు అయియుందురు. తోట యజమానుడు వారి యొద్దకు వెళ్ళెను. ఒక గంట పనికి వారు ఎన్ని బుట్టలు కోయుదురు? ఆ లెక్క అతనికి తెలియనిది కాదు. వారి యింటిలోను సాయంకాలము పొయ్యి వెలుగవలెనని అతడు చూచెను. మన నోటుపుస్తకములో ఆ లెక్క కుదరదు. కుదరకపోవుటయే ఆ కథయొక్క సువార్త.

మీలో కొందరు, అయ్యగారు ఆ ఆటను మాన్పించిరా యని అడుగుదురు. మాన్పించలేదు. డబ్బు చేరిన దినమున అరుగు మీద చోటు లేదని మాత్రము ఖండితముగా చెప్పితిని. మాన్పించినయెడల వారు అరుగు దిగి చెరువు కట్ట మీదికి పోవుదురు. కన్ను మాత్రము మారదు. దానికి బదులుగా ఆ ముసలామె అడిగిన మాటను వారికి చెప్పితిని. వారు కొంతసేపు ఏమియు మాటలాడలేదు. కేక వేసిన కుఱ్ఱవాడు తల వంచుకొని, "మా నాయనమ్మ అంతేనండి" అనెను.

జూన్ 3న ఆ పోటీలు ముగిసెను. మా లీగులో అందరికంటె క్రింద నిలిచినవాడను నేనే గనుక బజ్జీలు పెట్టించు భారము నా మీద పడెను. ఎక్కడ తిందమని అడుగగా, ఆ కుఱ్ఱవాడే తమ యింటి ముందర తిందమనెను. నులకమంచము చుట్టు పదునొకండుగురము కూర్చుంటిమి. ఆమె ఒక బజ్జీ కొరికి, కారము చాలలేదని చెప్పెను. ఇప్పటికిని అరుగు మీద ఎవడైనను క్రొత్త కుఱ్ఱవాడు తెరమీద కనబడినప్పుడు, పిల్లలలో ఒకడు "వాళ్ళమ్మ చూస్తందంటావా?" అని యడుగును. తక్కినవారు నవ్వుదురు. ఆ నవ్వు మునుపటి నవ్వు కాదు.

నా మట్టుకు నేను ఒక పని పెట్టుకొంటిని. ఆదివారము సాయంకాలము, వచ్చినవారి సంఖ్యను పుస్తకములో వ్రాయుటకు ముందు, రానివారి పేర్లు వ్రాయుచున్నాను. పేర్లే, సంఖ్య కాదు. బుధవారములోగా ఆ గుమ్మములు ఎక్కవలెనని నియమము. కొన్ని వారములు తప్పుచున్నాను. తప్పినప్పుడు ఆ పేరును మరుసటి వారపు పుటలో మరల వ్రాయుచున్నాను.

ప్రియ చదువరీ, నీ దగ్గరను ఒక జాబితా ఉండును. కాగితము మీద ఉండకపోవచ్చును. దానిని కనుగొనుటకు రెండు ప్రశ్నలు చాలును. నీకు పనికివచ్చు మనిషి పడిపోయినప్పుడు నీ మనస్సులో మొదట లేచు మాట ఏది? నీ జాబితాలో లేనివాడు మేలుగా చేసినప్పుడు నీకు సంతోషము కలుగుచున్నదా? ఈ రెంటికిని జవాబును మనుష్యుల యెదుట చెప్పనక్కరలేదు. ఆ తరువాత, ఈ నడుమ నీ కన్నులకు కనబడని ఒకరి పేరు జ్ఞాపకము చేసికొనుము. మేస్త్రి పిలువని వారు, కొడుకులు పిలువని వారు, సంఘము పిలువని వారు నీ వీధిలోనే ఒకరుందురు. తాలుకాయలను కళ్ళములో ఏరుదము. ఆ గుమ్మము నొద్దకు మాత్రము వట్టి చేతులతో, జాబితా లేకుండ వెళ్ళుదము.